కారు అసలు రంగు కోడ్ ఎక్కడ ఉంటుంది?

రంగు కోడ్, అంటే కంపెనీ బండికి వేసిన రంగును గుర్తించే సంకేతం, బండి మీదే ఉంటుంది: చాలా మోడళ్లలో డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీది స్టిక్కరులోనో, బానెట్ కింద బిగించిన పలక మీదో చూడండి.

మళ్లీ రంగు వేయించేటప్పుడు ‘తెలుపు’ అని చెబితే సరిపోదు. ఒకే కంపెనీ రెండు మూడు రకాల తెలుపు వాడుతుంది. కోడ్ మాత్రం ఫలానా మిశ్రమాన్నే సూచిస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట రంగు కలిపేవారు ఆ కోడ్‌ను కంప్యూటర్లో కొట్టి, ఏ రంగు ఎన్ని గ్రాములో చూసి, తూకం వేసి కలుపుతారు.

ఉదాహరణకు టయోటా పలక మీద ‘సి/టిఆర్’ (C/TR) అనే వరుసలో ముందుండేది పైరంగు కోడ్, తరువాతిది లోపలి అలంకరణది. అక్కడ 040 అని ఉంటే సూపర్ వైట్, అంటే మామూలు తెలుపు. 070 అయితే ముత్యపు మెరుపున్న తెలుపు. దీనికి అడుగున తెలుపు, దాని మీద ముత్యపు పొర, ఆపైన క్లియర్ కోటు (రంగులేని పారదర్శక పూత) వేయాలి. 070 బండి బంపరుకు 040 కొట్టి వదిలేస్తే అతుకు వేసిన చొక్కాలా దూరం నుంచే తెలిసిపోతుంది.

ఛాసిస్ నంబరులోనే రంగు దాగి ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ 17 అక్షరాల్లో రంగు ఉండదు. డీలరు ఆ నంబరుతో కంపెనీ రికార్డు వెతికి చెప్పగలరు, అంతే. కోడ్ దొరికితే రంగు అచ్చంగా కలిసిపోతుందనుకోవడమూ పొరపాటే. బెజవాడ ఎండలో ఏళ్ల తరబడి నిలిచిన బండి రంగు కొంత వెలిసి ఉంటుంది. ముందుగా చిన్న రేకు ముక్క మీద కొట్టించి, ఆరాక పగటి వెలుగులో బండి పక్కన పెట్టి చూడండి.