శ్రావణమాసం రద్దీలో మొరాయిస్తున్న వైఫై

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మాకు మూడంతస్తుల బట్టల దుకాణం ఉంది. కింది అంతస్తులో క్యాష్ కౌంటరు పక్కన ఒకే రౌటరు పెట్టి, బిల్లింగు కంప్యూటర్లు, కార్డు మెషీన్లు, సిబ్బంది ఫోన్లు అన్నీ దానికే కలిపాము. ఉదయం బాగానే ఉంటుంది కానీ, శ్రావణమాసం సాయంత్రాల్లో పై అంతస్తుల్లో బిల్లు కదలదు. సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే రిపీటర్లు రెండు తగిలించాక పరిస్థితి ఇంకా దిగజారింది. ఇంటర్నెట్ ప్లాను పెంచుకుంటే సరిపోతుందా?
– ఒక వస్త్ర వ్యాపారి

జవాబు: ప్లాను పెంచే ముందు చిన్న పరీక్ష చేయండి. రద్దీ బాగా ఉన్న సాయంత్రం ఒక ల్యాప్‌టాప్‌ను కేబులుతో నేరుగా రౌటరుకు కలిపి బిల్లు వేసి చూడండి. అది వెంటనే వస్తే లోపం బయటి లైనులో లేదు, దుకాణం లోపలి వైఫైలోనే ఉంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నాకు తోస్తున్నదీ అదే.

వైఫైలో ఒక ఛానల్‌పై (అంటే ఒక రేడియో తరంగాల దారిపై) ఒక సమయంలో ఒక పరికరమే మాట్లాడాలి, మిగతావి వంతు కోసం ఆగాలి. సిగ్నల్ అంతంతమాత్రంగా అందే ఫోను తన మాటను నెమ్మదిగా పంపుతుంది కాబట్టి, మూడో అంతస్తు మూలనున్న ఒక్క ఫోను కౌంటరు పక్కనున్న కంప్యూటరును కూడా ఆపేయగలదు. సాధారణ రిపీటరు తాను విన్న ప్రతి మాటనూ అదే ఛానల్‌లో మళ్లీ చెబుతుంది; మీ దగ్గర వరుస తగ్గకపోగా పెరిగింది అందుకే. పైగా నీటి శాతం ఎక్కువగల మనిషి శరీరం ఈ తరంగాలను పీల్చుకుంటుంది, స్టీలు ర్యాకులూ అద్దాల వెనకనుండే లోహపు పూతా వాటిని వెనక్కి కొడతాయి. కనుక ఖాళీ దుకాణంలో ఉదయం పూట ఎవరైనా ఫోనులో నిండు గీతలు చూపించి అంతా బాగుందంటే నమ్మకండి.

నా సలహా ఒకటే: కదలని ప్రతి పరికరానికీ తీగ వేయించండి. బిల్లింగు కంప్యూటర్లు, ప్రింటర్లు, సీసీ కెమెరాలు కేబులుకు మారితే, వైఫై మీద మిగిలేవి చేతిలో తిరిగేవే. (కౌంటరు మీద డబ్బు అందిందని పలికే సౌండు బాక్సుకు సాధారణంగా సొంత సిమ్ము ఉంటుంది, దాని గొడవ వేరు.) తరువాత రిపీటర్లు తీసేసి, అంతస్తుకొక యాక్సెస్ పాయింటు (కేబులులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టె) సీలింగుకు బిగించి, ఒక్కొక్కదానికీ నెట్‌వర్కు స్విచ్చు (ఒక నెట్ లైనును చాలా కేబుళ్లకు పంచే పెట్టె) నుంచి క్యాట్ 6 రకం నెట్ కేబులు లాగించండి. కేబులు పొడవు 100 మీటర్లు దాటకూడదు. పీవోఈ స్విచ్చు తీసుకుంటే కరెంటు కూడా అదే కేబులులో వెళుతుంది, కాబట్టి ఆ స్విచ్చునూ, రౌటరునూ, ఫైబరు పెట్టెనూ ఒకే యూపీఎస్ మీద ఉంచితే కరెంటు పోయినా నెట్‌వర్కు ఆగదు.

వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో అంతస్తుల వారీగా 1, 6, 11 ఛానళ్లు ఇవ్వండి. ఆ మూడూ ఒకదానిపై ఒకటి పడవు. 5 గిగాహెర్ట్జ్‌లో ఛానళ్లు ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. ఒక అంతస్తు సిగ్నల్ మరో అంతస్తులోకి అంతగా చొరబడదు కనుక మీకు అది మేలే. యాక్సెస్ పాయింట్ల సిగ్నల్ పవర్ మాత్రం పూర్తిగా పెంచకండి. పెంచితే యాక్సెస్ పాయింటు కేక ఫోనుకు వినిపిస్తుంది కానీ, ఫోను గొంతు తిరిగి దానికి చేరదు.

కొనుగోలుదారులకు వైఫై ఇవ్వదలిస్తే బిల్లింగుతో ఏ సంబంధమూ లేని వేరే నెట్‌వర్కుగా, వేగానికి పరిమితి పెట్టి ఇవ్వండి. సిబ్బందిలో ఎవరు మానేసినా పాస్‌వర్డు మార్చండి. ఏ కేబులు ఎక్కడికి వెళుతుందో చీటీలు అతికించి, ఒక పుస్తకంలో రాసిపెట్టండి. రేపు లైను చూడటానికి వచ్చే మనిషి మారినా ఆ పుస్తకం మీ దగ్గరే ఉంటుంది. యాక్సెస్ పాయింట్ల సాఫ్ట్‌వేరు అప్‌డేట్లను దుకాణం సెలవు రోజునే చేయించండి, పండుగ ముందురోజు ఎంతమాత్రం వద్దు. ఆషాఢంలోనే ఈ పని ముగిస్తే, మొదటి రద్దీ సాయంత్రం ఫోను పట్టుకుని మూడంతస్తులూ నడిచి, సిగ్నల్ ఎక్కడ తగ్గుతోందో చూసుకుని సరిచేసుకోవడానికి మీకు వ్యవధి ఉంటుంది.