చైనా న్యూ ఇయర్ ముందు ఆర్డర్: సరుకు టైముకి అందాలంటే

నమస్తే అండీ. 2027 జనవరి 20న ఎల్ఈడీ లైట్లకు ఆర్డర్ ఇస్తే ఫిబ్రవరి చివరికల్లా విజయవాడ చేరతాయా అని అడిగారు. కష్టమండీ. సప్లయర్ "నో ప్రాబ్లమ్" అన్నాడంటే, బేరం పోగొట్టుకోవడం ఇష్టం లేక అన్నాడంతే.

చైనా కొత్త సంవత్సరం ఆ ఏడాది ఫిబ్రవరి 6న. ప్రభుత్వ సెలవులు ఓ వారం పైచిలుకు ఉంటాయి, పండుగ మాత్రం పదిహేనో రోజున లాంతర్ల పండుగతో, అంటే ఫిబ్రవరి 20న ముగుస్తుంది. అసలు చిక్కు అదీ కాదు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం ఫ్యాక్టరీల్లో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళే. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు, పండుగకు 15 రోజుల ముందు నుంచే ఊళ్ళకు బయల్దేరతారు. ఆ ప్రయాణాల రద్దీ మొత్తం 40 రోజులు!

ఫ్యాక్టరీ తెరిచిన రోజు యజమాని ఎర్ర కవర్లలో డబ్బులు పంచుతాడు, టపాసులు పేలుస్తారు. ఆ వీడియో మీకు పంపితే పని మొదలైపోయిందని అనుకోకండి. కొందరు తిరిగి రారు, వాళ్ళ చోట కొత్తవాళ్ళు కూర్చుంటారు. అందుకే పండుగ తర్వాత వచ్చే మొదటి లాట్‌ని గట్టిగా చెక్ చేయించండి.

డిసెంబర్ మొదట్లోనే ఆర్డర్ ఇచ్చి, జనవరి 10లోపు సరుకు ఫ్యాక్టరీ గేటు దాటేలా రాతపూర్వకంగా ఒప్పించుకోండి. మిగతా డబ్బు చెకింగ్ అయ్యాకే. అది కుదరకపోతే రెడీ స్టాక్ అడగండి, రంగు, మోడల్ విషయంలో కాస్త సర్దుకోవాలి. అన్నట్టు, అక్టోబర్ 1 నుంచి కూడా వారం సెలవులుంటాయి.