హైదరాబాద్‌లో అమ్మాయి హిస్టరీ ప్రొఫెసర్ అవ్వాలంటే ఎన్నేళ్లు పడుతుంది? పెళ్లయ్యాక పీహెచ్‌డీ కుదురుతుందా?

కుదురుతుందండీ, కాకపోతే టైమ్ పడుతుంది. ముందు ఎంఏ హిస్టరీలో 55% తెచ్చుకోవాలి (రిజర్వేషన్ ఉంటే 50), తర్వాత నెట్ (జాతీయ స్థాయి అర్హత పరీక్ష) గానీ సెట్ (రాష్ట్ర స్థాయిది) గానీ పాసైతే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి అర్హత వచ్చినట్టే, 2023 నుంచి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) దానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదంది. కానీ ప్రొఫెసర్ దాకా వెళ్లాలంటే పీహెచ్‌డీ, కనీసం 10 ఏళ్ల అనుభవం, 10 పబ్లికేషన్లు కావాలి, అందుకే ఇప్పుడే మొదలెట్టేయండి.

పెళ్లి గురించి అడిగారు కదా, చాలామందికి తెలియని విషయం ఒకటుంది. యూజీసీ 2022 రూల్స్ ప్రకారం పీహెచ్‌డీకి మామూలుగా 6 ఏళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో 2, ఆడవాళ్లకి దాని మీద మరో 2, మొత్తం 10 దాటకూడదు. మెటర్నిటీ, చైల్డ్ కేర్ లీవ్ 240 రోజుల వరకు ఇస్తారు. ఇది మీ హక్కు, గైడ్ మొహమాటపెట్టినా అడిగి తీసుకోండి. జేఆర్ఎఫ్ (నెట్‌లో మంచి మార్కులొస్తే ఇచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, ఇంట్లోవాళ్ల మీద ఆధారపడక్కర్లేదు.

ఇంకో మాట, దక్కన్ చరిత్ర మీద పని చేయాలనుంటే ఉర్దూ, వీలైతే ఫార్సీ (పర్షియన్) కూడా నేర్చుకోండి. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, అక్కడ ఔరంగజేబు కాలం నాటి ఫార్సీ కాగితాలు షికస్తా రాతలో ఉంటాయి, అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, చుక్కలు కూడా సరిగా పెట్టకుండా గబగబా రాసిన రాత అది, మొదట్లో ఒక్క పేజీకే రోజంతా పట్టినా కంగారు పడకండి. అవి చదవగలిగేవాళ్లు తక్కువ కాబట్టి మీ రీసెర్చ్‌కి విలువ ఉంటుంది.