చచ్చిన పశువు మీద కత్తి పెట్టకు

తల్లీ,

ఉద్యోగం మానేసి పశువులు పెంచబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గర్వంతో కొంత, బెంగతో కొంత. పాక ఎత్తు నేల మీద కట్టు, తొట్టి రోజూ కడుగు, కొత్తగా కొన్న పశువును కొన్నాళ్లు విడిగా కట్టు. ఇవి నీకు తెలిసినవే. నేను రాయడానికి కూర్చున్నది దొమ్మ గురించి. డాక్టర్లు దాన్ని ఆంత్రాక్స్ అంటారు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. సాయంత్రం పాలిచ్చిన ఆవు తెల్లవారేసరికి చచ్చి పడి ఉంది. పొట్ట ఉబ్బిపోయింది. ముక్కులోంచి, వెనక నుంచి నల్లటి రక్తం కారుతోంది. అది గడ్డకట్టలేదు, ఒళ్లు కూడా బిగుసుకోలేదు. గుర్తులన్నీ కళ్లెదుటే ఉన్నా పాము కరిచిందనుకున్నాను. తోలైనా దక్కుతుందని, మీ తాతయ్య వద్దంటున్నా వినకుండా కత్తి తీశాను. కాళ్లు పట్టుకోవడానికి తమ్ముణ్ణి పిలిచాను.

మూడో రోజున వాడి ముంజేతి మీద దోమ కుట్టినట్టు చిన్న పొక్కు లేచింది. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. వారం తిరిగేసరికి దాని నడుమ బొగ్గులాంటి పెచ్చు, చుట్టూ వాపు, ఒళ్లు కాలే జ్వరం. పెన్సిలిన్ సూదులు వాణ్ణి బతికించాయి. చిన్నమామయ్య చేతి మీద మచ్చ ఏమిటని చిన్నప్పుడు నువ్వు అడిగితే కాలిందని చెప్పేవాళ్లం. అది కాలిన మచ్చ కాదు తల్లీ, నేను చేసిన మచ్చ.

అంతటితో పోలేదు. కోయకుండా వదిలేస్తే కళేబరంలోని క్రిములు కుళ్లులో చాలావరకు చచ్చిపోతాయి. కోస్తే గాలి తగిలి సిద్ధబీజాలుగా, అంటే గట్టి పెంకులో నిద్రపోయే రూపంలోకి, మారతాయి, మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. తొమ్మిదేళ్ల తర్వాత, తొలి వానలు పడ్డాక, సరిగ్గా అక్కడే మేసిన దూడ అలాగే చచ్చింది. స్కాట్లాండ్ దగ్గరి గ్రిన్యార్డ్ దీవిలో 1942లో ఆంత్రాక్స్ బాంబులు పరీక్షిస్తే, ఆ నేలను మందు నీళ్లతో తడిపి శుద్ధి చేసి, మనుషులు అడుగుపెట్టవచ్చని చెప్పేసరికి 1990 వచ్చింది. అది చదివిన రోజు నాకు మా దొడ్డి వెనక నేలే కళ్లముందు కదిలింది.

1881లోనే పాశ్చర్ అందరి ఎదుట గొర్రెలకు ఈ రోగపు టీకా వేసి చూపించాడు. మా ఆవు చచ్చేనాటికి టీకా అందుబాటులోనే ఉంది. తీరిక లేదని నేను వేయించలేదు. నువ్వు అలా అన్నావని తెలిస్తే నీతో మాట్లాడను! రోగం వచ్చిన ప్రాంతమైతే ఏటా వానలకు ముందే వేయించు. అది బతికున్న క్రిములతో చేసిన టీకా. టీకా వేయించిన రోజుల్లో పశువుకు యాంటీబయాటిక్ ఇస్తే అది పనిచేయదు.

పశువు ఉన్నట్టుండి చస్తే ముట్టుకోకు, కుక్కల్ని రానీయకు, డాక్టరుకు ఫోను చెయ్యి. చెవి నుంచి రెండు చుక్కల రక్తం తీసి ఆయన తేలుస్తారు. ఈడ్చుకుపోకుండా అక్కడే కాల్చాలి, లేదా లోతుగా పూడ్చాలి. మిగతా మందను ఆ మేత నుంచి తప్పించు. మాంసం, తోలు, పాలు దేనికీ ఆశపడకు.

నువ్వు కొనబోయే నేల మీద పశువులు అకస్మాత్తుగా చచ్చాయేమో చుట్టుపక్కల ముసలివాళ్లను అడిగావా? అడగకపోతే బయానా ఇవ్వకు. మోకాళ్లు సహకరించకపోయినా వచ్చే వారం బస్సెక్కి వస్తాను, ఇద్దరం కలిసి అడుగుదాం.

మీ పెద్దమామయ్య