ఎన్నారై సందేహాలు: సెలవుల్లో ఒక రోజు ఔట్‌లెట్లకి పెట్టొచ్చా?

తమ్ముడూ, మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. డిసెంబర్ సెలవులకి నాలుగు రోజులు న్యూయార్క్ వస్తున్నారు, అందులో ఒక రోజు వుడ్‌బరీ కామన్‌కి, అంటే బ్రాండెడ్ సరుకు తగ్గింపు ధరలకి అమ్మే ఔట్‌లెట్ షాపుల సముదాయానికి, పెడదామని మీ ఆవిడ అంటోంది, మీరు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. 2009 డిసెంబర్‌లో మా ఇంట్లోనూ ఇదే పంచాయితీ. కాకపోతే అప్పుడు వద్దన్నది మా ఆవిడ, ఎగబడింది నేను.

దారి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. వుడ్‌బరీ కామన్ మాన్‌హట్టన్‌కి ఉత్తరాన దాదాపు 50 మైళ్ల దూరంలో, సెంట్రల్ వ్యాలీ అనే చోట ఉంది. షాపులు 200 పైమాటే. కారులో గంట పైనే పడుతుంది. కారు లేకపోతే పోర్ట్ అథారిటీ బస్టాండు నుంచి బస్సులుంటాయి. వేళలు, ఛార్జీలు ఫోన్‌లో చూసుకోండి. మేం అన్నీ కాగితాల మీద ప్రింటు తీసుకుని తిరిగినవాళ్లం, మీకు ఆ బాధ లేదు. శనివారం మాత్రం వెళ్లకండి.

ఇక అసలు సంగతికొస్తాను. అప్పటికి నేను అమెరికా వచ్చి ఏడాదిన్నర. మిషిగన్‌లో ఉద్యోగం. డాలర్ 47 రూపాయలకు అటూ ఇటూ ఉండేది, ప్రతి వస్తువునీ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులు. అంత లెక్కలు వేసేవాణ్ణి ఆ ఒక్కరోజు లెక్క మరిచిపోయాను. ఎందుకంటే అక్కడ ట్యాగు మీద రెండు ధరలుంటాయి. పైన 400, కింద 149. కింది అంకె చూస్తే ఖర్చులా అనిపించదు, 251 డాలర్లు సంపాదించినట్టే ఉంటుంది. అలా సంపాదించుకుంటూ ఇద్దరు బావమరుదులకి రెండు లెదర్ జాకెట్లు కొన్నాను. ఇద్దరూ ఉండేది విజయవాడలో. అక్కడ లెదర్ జాకెట్ ఎప్పుడు వేసుకుంటారని మా ఆవిడ అడిగితే, బ్రాండెడ్ అంటే నీకేం తెలుసని కసిరాను కూడా.

క్యాషియర్ దగ్గర బిల్లు 412 డాలర్లయింది. ఆ అమ్మాయి నవ్వుతూ, మా షాపు క్రెడిట్ కార్డు తీసుకుంటే ఈ రోజుకి 15 శాతం తగ్గుతుందంది, రెండు నిమిషాల పనేనంది. వెనక క్యూ ఉంది, మొహమాటం, పైగా మనసులో లెక్క పూర్తయింది: దాదాపు 62 డాలర్లు, అంటే మూడు వేల రూపాయలకు దగ్గర దగ్గర. సంతకం పెట్టేశాను.

జనవరిలో మేం ఇల్లు మారాం. ఆ కార్డు బిల్లు పాత అడ్రసుకి వెళ్లింది. కార్డు ఉన్న సంగతే నాకు గుర్తు లేదు, ఎందుకంటే దాన్ని మళ్లీ జేబులోంచి తీసిందే లేదు. నాకు తెలిసేసరికి కట్టాల్సిన తేదీ దాటి నెల పైనే అయింది. ఆలస్య రుసుము, వడ్డీ సరే, కట్టి పారేశాను. కానీ 30 రోజులు దాటిన బాకీ క్రెడిట్ రిపోర్టులోకి, అంటే అప్పులిచ్చేవాళ్లు చూసే మన చెల్లింపుల చిట్టాలోకి, ఎక్కుతుంది, ఎక్కితే ఏడేళ్లు దిగదు. అప్పటికి నా క్రెడిట్ హిస్టరీ ఎంత? ఏడాది చిల్లర. పసిబిడ్డ మీద పెద్ద మచ్చ పడ్డట్టయింది. ఆ వేసవిలో కారు కొనబోతే 18,000 డాలర్ల లోనుకి తోటివాళ్లకంటే రెండు శాతం ఎక్కువ వడ్డీ వేశారు. అయిదేళ్లకి లెక్కేస్తే దాదాపు వెయ్యి డాలర్లు. 62 మిగిల్చుకోబోయి వెయ్యి పోగొట్టుకున్నవాణ్ణి, అందుకే ఇంత పొడుగ్గా చెబుతున్నా. ఈ షాపు కార్డుల వడ్డీ ఇప్పుడు 30 శాతం దరిదాపుల్లో ఉంటోంది. ఎంత నవ్వుతూ అడిగినా వద్దని చెప్పి బయటికి రండి. మొహమాటపడితే నాలా అవుతారు.

జాకెట్ల కథ ఇంకా ఉంది. ఒకదాని జిప్ వారంలోనే ఊడింది. మా ఊరి మాల్‌లో అదే బ్రాండు షాపుంటే పట్టుకెళ్లాను. అక్కడి అమ్మాయి లేబుల్ తిప్పి చూసి, ఇది ఔట్‌లెట్ సరుకు, మేం తీసుకోమంది. చాలా బ్రాండ్లు ఔట్‌లెట్ల కోసమే వేరుగా, కాస్త తక్కువ రకంలో కుట్టిస్తాయని ఆ రోజే తెలిసింది. అలాంటి సరుకు మామూలు షాపులో ఎప్పుడూ అమ్మనిది, మరి ఆ పై ధర 400 ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించుకోండి. ఈ గొడవ మీద 2014లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యులు నలుగురు, కొనుగోలుదారుల్ని మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి లేఖ కూడా రాశారు. నిజంగా మిగిలిపోయిన సరుకూ దొరుకుతుంది, లేదనను. కొనబోయే ముందు అది ఔట్‌లెట్ కోసం చేసిందా అని సూటిగా అడగండి. అదే వస్తువు ధర బయట ఎంతుందో ఫోన్‌లో చూడండి. వాపసు నియమాలు బిల్లు వేయించుకోకముందే అడగండి.

మీ అమ్మానాన్నలు కూడా వస్తున్నారు కాబట్టి ఇంకో మాట. యూరప్‌లోలాగా ఎయిర్‌పోర్టులో పన్ను వెనక్కిస్తారని ఎవరో చెప్పినట్టున్నారు. న్యూయార్క్‌లో అది లేదు. 110 డాలర్ల లోపు బట్టలకీ చెప్పులకీ రాష్ట్ర పన్ను పడదు. హ్యాండ్‌బ్యాగులకీ వాచీలకీ ఆ మినహాయింపు వర్తించదు. బట్టలే కావాలంటే న్యూజెర్సీలో వాటికి అసలు అమ్మకపు పన్నే లేదు. ఇండియా కస్టమ్స్ సంగతి వాళ్ల సైటులో చూసుకోండి, మారుతూ ఉంటుంది.

వెళ్లొద్దని నేననను. మీ ఆవిడ సరదా పడుతోంది, వెళ్లండి. ఇంట్లోంచి బయల్దేరేముందే ఇద్దరూ కూర్చుని ఒక అంకె అనుకోండి. బస్సు ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం, తిరుగు విమానంలో అదనపు పెట్టె ఖర్చు, అన్నీ ఆ అంకెలోనే. ఆ పెట్టె సంగతి నేను మరిచిపోయాను, అక్కడే ఒక కొత్త సూట్‌కేసు కూడా కొనాల్సి వచ్చింది. అదీ సేల్‌లోనే అనుకోండి.

ఒకవేళ కారు తీసుకుంటే మధ్యాహ్నానికి కొనడం ముగించి బేర్ మౌంటెన్ అనే కొండ పార్కుకి వెళ్లండి, దగ్గరే. చలికి టోపీలు పెట్టుకోండి. హడ్సన్ నది ఒడ్డున చీకటి పడేదాకా నడవొచ్చు, పార్కింగుకి తప్ప కార్డు బయటికి తీయక్కర్లేదు.