వేళ్లు చల్లబడితే రక్తప్రసరణ లోపమేనా?

మణికట్టు దగ్గర నరం నొక్కుకుందని (కార్పల్ టనల్ సిండ్రోమ్) డాక్టర్ అన్నారు సరే, వేళ్లు చల్లబడటం, రంగు మారడం, అరచెయ్యి ఉబ్బినట్టుండటం రక్తం సరిగ్గా అందకేనా అని అడిగారు. చాలామందిలో అదీ నరం పనే. మణికట్టులోంచి వెళ్లే మీడియన్ నరంలో స్పర్శ తెలిపే పోగులతో పాటు, రక్తనాళాలను బిగించే, చెమట పట్టించే సన్నని సింపథెటిక్ పోగులూ ఉంటాయి. అవి నలిగితే రక్తనాళం బాగున్నా దాని అదుపు తప్పుతుంది.

ముందు చిటికెన వేలు చూడండి. మీడియన్ నరం బొటనవేలి నుంచి ఉంగరం వేలు సగం దాకే. చిటికెన వేలు మామూలుగా ఉండి మిగతావి పొడిబారి చల్లబడుతుంటే మణికట్టునే అనుమానించాలి. అరగంట గోరువెచ్చని నీళ్లలో చెయ్యి నానబెట్టాక చిటికెన వేలు ముడతలు పడి, చూపుడు వేలు నున్నగానే ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఆ ముడతలు తెచ్చేదీ సింపథెటిక్ పోగులే. రెండు చేతుల వేళ్లూ చలికి తెల్లబడి, నీలమై, తర్వాత ఎర్రబడితే అది రేనాడ్స్, అంటే చలికి వేళ్ల రక్తనాళాలు బిగుసుకుపోయే సమస్య. నరం నొక్కుకోవడం, రేనాడ్స్ రెండూ కలిసి ఉండటమూ కద్దు. చెయ్యి పైకెత్తినప్పుడే పాలిపోతుంటే మెడకూ భుజానికీ మధ్య రక్తనాళం నొక్కుకుంటోందేమో చూపించుకోవాలి.

నరంలో సంకేతం ఎంత వేగంగా వెళ్తుందో చూసే నర్వ్ కండక్షన్ టెస్టు లావు పోగులనే కొలుస్తుంది, సన్నవాటిని పట్టదు. పైగా ఏసీ గదిలో చెయ్యి చల్లబడితే లేని జబ్బు కూడా ఉన్నట్టు రీడింగ్ వస్తుంది. చర్మం 32 డిగ్రీలకు తగ్గకుండా చెయ్యి వెచ్చబెట్టమని అడగండి. థైరాయిడ్, షుగర్ వల్ల కూడా ఈ నరం నొక్కుకోవచ్చు కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (షుగర్ పరీక్ష) కూడా చేయించండి.

రాత్రి కట్టుకునే స్ప్లింట్‌లో (మణికట్టు వంగకుండా ఆపే పట్టీ) మణికట్టు తిన్నగా ఉండాలి. షాపులో ఇచ్చే చాలావాటిలో లోపలి రేకు పైకి వంగి ఉంటుంది. దాన్ని బయటికి లాగి, చదునుగా నొక్కి మళ్లీ దూర్చండి. పట్టీ కింద ఒక వేలు దూరాలి. లేదంటే దాని బిగువుకే చెయ్యి వాస్తుంది! ఆరు వారాలు వదలకుండా వాడితేగానీ ఫలితం తేలదు. వేడినీళ్ల బ్యాగుతో కాపడం మాత్రం వద్దు, మొద్దుబారిన వేలికి వేడి తెలియక బొబ్బలెక్కుతాయి. బీ6 మాత్రలు నెలల తరబడి సొంతంగా మింగకండి, మోతాదు మించితే అవే నరాలను దెబ్బతీస్తాయి.

బొటనవేలి కింది కండ కరిగిపోతుంటే స్ప్లింట్‌తో కాలయాపన చేయకుండా సర్జన్‌ను కలవండి. ఒక చెయ్యి ఉన్నట్టుండి పాలిపోయి, నొప్పెట్టి, నాడి దొరకకపోతే అది ధమని సమస్య. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు.