బావి గట్టు మీద కలుపు మందు

ప్రశ్న: మా మొక్కజొన్న చేలోనే తాగునీటి బావి ఉంది. వెడల్పు 20 అడుగులు, ఇప్పుడు 15 అడుగుల నీళ్లున్నాయి. విత్తిన మర్నాడు అట్రాజిన్ కొడతాం. మందు కలిపేదీ, ట్యాంకు కడిగేదీ గట్టు మీదే. నీళ్లకు వాసనా రంగూ లేవు. కాచి తాగితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: సరిపోదు. కాచితే అట్రాజిన్ పోదు, నీళ్లు మరిగి తగ్గేకొద్దీ కాస్త చిక్కబడుతుంది కూడా. బ్లీచింగ్ పౌడరూ దాన్ని ఏమీ చేయలేదు. తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరులో అట్రాజిన్ 2 మైక్రోగ్రాములు మించకూడదు. అంత కొంచెం ముక్కుకీ నాలుకకీ అందదు.

ఎంత కొంచెమో మీ బావి మీదే లెక్క చూడండి. అందులో ఇప్పుడు సుమారు 1,33,000 లీటర్ల నీళ్లున్నాయి. ఎకరాకు కిలో 50 శాతం పొడి మందును 200 లీటర్లలో కలిపితే లీటరుకు 5 గ్రాముల పొడి, అందులో సగం అట్రాజిన్. ట్యాంకు అడుగున మిగిలిన పావు లీటరు బావిలో పడి అంతా కలిసిందంటే, లీటరుకు 4.7 మైక్రోగ్రాములు! పావు లీటరంటే ఓ గ్లాసుడు.

చేలో కొట్టింది కూడా కొంత దిగుతుంది. అట్రాజిన్ మట్టిని గట్టిగా పట్టుకోదు, చెల్క నేలల్లో వాననీటి వెంట కిందికి పోతుంది. అలాంటి నేలకు ఎకరాకు 800 గ్రాములు చాలు. పెద్ద వాన సూచన ఉన్నరోజు కొట్టొద్దు.

చాలామంది పట్టించుకోనిది పైపు. మోటారు పైపు కొస మందు డ్రమ్ములో మునిగి ఉండగా కరెంటు పోయి, ఫుట్‌వాల్వు కూడా లీకవుతుంటే, డ్రమ్ములోని మందు నీళ్లు అదే పైపులో వెనక్కి బావిలోకి జారతాయి. కొస ఎప్పుడూ డ్రమ్ము అంచుకు జానెడు పైన ఉండాలి. అసలు మందు కలపడమే బావికి వంద అడుగుల దూరాన, పల్లపు వైపు పెట్టుకోండి. ట్యాంకు మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు మందు కొట్టిన చేలోనే పిచికారీ చేయండి.

పరీక్ష చేయించండి. మందు కొట్టాక పడే మొదటి పెద్ద వాన తరువాత, మందు తగలని బొక్కెనతో తోడి, లీటరు గోధుమరంగు గాజు సీసాను మూతి దాకా నింపి, ఐసు పెట్టెలో ఒకటి రెండు రోజుల్లో ఎన్.ఏ.బి.ఎల్. గుర్తింపున్న ల్యాబుకు చేర్చండి. అట్రాజిన్‌తో పాటు అది విరిగితే వచ్చే డీఈథైల్ అట్రాజిన్ కూడా చూడమనండి. రిపోర్టు వచ్చేదాకా తాగడానికి, వంటకు వేరే నీళ్లు.

ప్రశ్న: టీడీఎస్ మీటరు 300 చూపిస్తోంది. మందు లేనట్టేనా?

జవాబు: కాదు. ఆ మీటరు కొలిచేది కరిగిన లవణాలను. కలుపు మందు దానికి కనపడదు. మందును పట్టేది యాక్టివేటెడ్ కార్బన్, అంటే ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు. ఆర్‌ఓ మిషన్‌లో ఆ కాట్రిడ్జి ఉంటుంది, కానీ నిండిపోయాక మందును వదిలేస్తుంది. నీళ్లు తియ్యగానే వస్తున్నాయని గడువు దాటనీయకండి.